దొడ్డిగుమ్మం తాళం చెవి ఎవరి దగ్గర?

శనివారం రాత్రి 11 గంటలు. బెంగళూరులో వాన దంచికొడుతోంది. మారతహళ్లిలో ఒక పీజీ గదిలో నెల్లూరు కుర్రాడు కంచం ముందు కూర్చోగానే ఫోన్ మోగింది. ప్యాచ్ వేసి రీబూట్ చేసిన సర్వర్ మళ్లీ లేవలేదు. పింగ్ లేదు, ఎస్‌ఎస్‌హెచ్ లేదు, అంటే పిలిస్తే పలకడం లేదు, దూరం నుంచి లాగిన్ కావడం లేదు. మెషీన్ ఉన్నది ఎలక్ట్రానిక్ సిటీలో. సుమారు 20 కిలోమీటర్ల దూరం, మధ్యలో సిల్క్ బోర్డ్. ఆ వానలో ఆ జంక్షన్ దాటడం కంటే నెల్లూరు బస్సెక్కడమే సుఖం. అతను కదల్లేదు. ల్యాప్‌టాప్ తెరిచి, వీపీఎన్ అనే భద్రమైన దారిలో ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపి, బ్రౌజర్‌లో ఒక ఐపీ అడ్రస్ కొట్టాడు. సర్వర్‌కి మానిటర్ తగిలించుకుని ఎదురుగా కూర్చుంటే ఏం కనిపిస్తుందో అదే కనిపించింది: నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, డిస్క్ చెక్ ఫెయిలైంది, సర్వాధికారాలున్న రూట్ ఖాతా పాస్‌వర్డ్ ఇవ్వమంటోంది. ఇచ్చాడు, డిస్క్ సరిచేశాడు, రీబూట్ చేశాడు. 12 కాకముందే చల్లారిన అన్నం తినేశాడు.

బెంగళూరు ఐటీలో ఇలాంటి శనివారాలు కొత్తేమీ కాదు. కానీ సోమవారం ఆఫీసులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పీజీ మంచం మీద కూర్చుని అతను చేసిన ఈ పనిని ఇంకెవరైనా, ఇంకెక్కడి నుంచైనా చేయగలరా?

ఆ తెరను అతని ముందుకు తెచ్చిపెట్టింది కేవీఎం స్విచ్. కీబోర్డ్, వీడియో, మౌస్ అనే మూడు మాటల పొడి అక్షరాలు అవి. సర్వర్లు పేర్చే ర్యాక్‌లో 1యూ, అంటే 1.75 అంగుళాల ఎత్తున్న పెట్టె. ప్రతి సర్వర్ వెనకా వీడియో పోర్టుకీ యూఎస్‌బీకీ ఒక డాంగుల్ తగిలిస్తారు. అక్కడి నుంచి ఒక కేబుల్ ఈ పెట్టెకి వస్తుంది. పాత రోజుల్లో ర్యాక్ ముందు నిలబడి, ఒకే కీబోర్డుతో 8 లేదా 16 సర్వర్లను ఒక్కొక్కటిగా చూడటానికే ఇది పనికొచ్చేది. దానికి నెట్‌వర్క్ పోర్టు వచ్చాక ర్యాక్ ముందు నిలబడాల్సిన అవసరం పోయింది. ఈమధ్య సర్వర్లలో ఈ పనిలో ఎక్కువ భాగం మదర్‌బోర్డు మీదే ఉండే బీఎంసీ అనే బుల్లి కంప్యూటర్ చేస్తోంది. డెల్‌వాళ్లు దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీవాళ్లు ఐలో అంటారు. దాని ప్రాసెసర్ వేరు, మెమరీ వేరు, సాఫ్ట్‌వేర్ వేరు. సర్వర్‌ని ఆఫ్ చేసినా, ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ అది మేలుకునే ఉంటుంది. పెట్టె బయట ఉన్నా, చిప్ లోపల ఉన్నా భద్రత చిక్కు ఒక్కటే కాబట్టి రెండింటినీ కలిపే చూడాలి.

ఇది ఇంటికి దొడ్డిగుమ్మం లాంటిది. వీధి తలుపుకి ఎన్ని తాళాలైనా వేసుకోవచ్చు. ఫైర్‌వాల్, యాంటీవైరస్, లాగిన్‌కి ఓటీపీ, ఇవన్నీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి కాపలా. కేవీఎం కన్సోల్ దానికంటే కింది అంతస్తులో ఉంటుంది. దాని మీద కూర్చున్నవాడు ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందు మేలుకునే బయోస్‌లోకి వెళ్లగలడు. చాలా మోడళ్లలో వర్చువల్ మీడియా అనే సౌకర్యం ఉంటుంది. తన దగ్గరున్న ఐఎస్‌ఓ ఫైల్‌ని సర్వర్‌కి తగిలించిన డీవీడీలాగా చూపించి, దాన్నుంచి బూట్ చేసి, డిస్కులో ఉన్నదంతా తీరిగ్గా చదువుకోవచ్చు. అప్పటికి విండోస్, లినక్స్ ఏవీ మొదలవ్వవు కాబట్టి లోపలున్న ఏ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కీ ఆ సంగతి తెలియదు. కీ లేనిదే డేటా చదవనివ్వని డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉంటే కొంత నయం. లేకపోతే రూట్ పాస్‌వర్డ్ ఎంత పెద్దది పెట్టుకున్నా ప్రయోజనం లేదు.

కేవీఎం ఎంత పదునైన కత్తో కాపలావాళ్ల కంటే దొంగలే ముందు గుర్తించారేమో. 2013 ఏప్రిల్‌లో లండన్‌లోని స్విస్ కాటేజ్ ప్రాంతంలో బార్క్లేస్ బ్యాంకు శాఖలోకి ఐటీ ఇంజనీర్‌నని చెప్పుకుంటూ ఒకడు దర్జాగా వెళ్లాడు. అక్కడి కంప్యూటర్‌కి ఒక కేవీఎం పెట్టె, 3జీ రౌటర్ తగిలించి వచ్చేశాడు. తర్వాత ముఠా బయట కూర్చుని ఆ కంప్యూటర్‌ని నడిపి దాదాపు 13 లక్షల పౌండ్లు తరలించింది. వైరస్ లేదు, హ్యాకింగ్ కోడ్ లేదు. బ్యాంకు కంప్యూటర్ దృష్టిలో ఎవరో ఉద్యోగి కీబోర్డు నొక్కుతున్నాడు, అంతే. 2025లో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన ఉత్తర కొరియా దొంగ ఉద్యోగుల కేసుల్లోనూ ఇదే పరికరం ఉంది. కంపెనీలు పంపిన ల్యాప్‌టాప్‌లు అమెరికాలోని ఇళ్లలో వరసగా పేర్చి ఉండేవి. వాటికి కేవీఎంలు తగిలించి వేరే దేశంలో కూర్చున్నవాళ్లు ఉద్యోగం వెలగబెట్టేవారు.

అసలు సర్వర్ గదిలో ఉన్న పెట్టెల సంగతికి వద్దాం. మొదటి గొడవ పాస్‌వర్డ్. సూపర్‌మైక్రో పాత బోర్డుల్లో యూజర్ పేరూ అడ్మినే, పాస్‌వర్డూ అడ్మినే. డెల్ ఐడ్రాక్‌లో చాలా ఏళ్లు రూట్, కాల్విన్. పెద్ద దాపరికమేమీ లేదు, మాన్యువల్‌లోనే అచ్చేశారు. 2020 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. నెట్‌కి తగిలే ప్రతి పరికరానికీ విడి పాస్‌వర్డ్ ఉండాలి, లేదా మొదటిసారి వాడేటప్పుడే మార్పించాలి అని దాని సారాంశం. అప్పట్నుంచి సూపర్‌మైక్రో బోర్డుల మీద విడివిడి పాస్‌వర్డుతో స్టిక్కర్ వస్తోంది. కానీ బెంగళూరు ల్యాబుల్లో, చిన్న కంపెనీల ర్యాకుల్లో తిరిగే మెషీన్లలో ఆ తేదీకి ముందువి బోలెడు. వాటికి ఆ చట్టం వర్తించదు, గడువు తీరిన ఏఎంసీ, అంటే ఏడాది మరమ్మతు ఒప్పందం, కూడా వర్తించదు.

పాస్‌వర్డ్ మార్చేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. బీఎంసీలు మాట్లాడుకునే పాత భాష ఐపీఎంఐ. దాని 2.0 రూపం 2004లో వచ్చింది. లాగిన్ కోసం ఒక యూజర్ పేరు చెప్పి అడిగితే చాలు, అడిగినవాడెవడో తేలకముందే, ఆ యూజర్ పాస్‌వర్డ్‌తో తయారైన హ్యాష్ అనే సంకేతాన్ని బీఎంసీ వాడి చేతిలో పెడుతుంది. వాడు దాన్ని ఇంటికి పట్టుకెళ్లి గ్రాఫిక్స్ కార్డు మీద తీరిగ్గా విప్పుకుంటాడు. ఈ లోపం 2013లో అందరికీ తెలిసింది. ప్యాచ్ మాత్రం రాలేదు, రాదు కూడా. ఎందుకంటే తప్పు ఎవరి కోడ్‌లోనూ లేదు, ప్రమాణం రాసిన తీరులోనే ఉంది. పాస్‌వర్డ్ గరిష్ఠంగా 20 అక్షరాలే పెట్టుకోవచ్చు. ఆ 20 నింపడం, అవసరం లేకపోతే ల్యాన్ మీద, అంటే ఆఫీసు నెట్‌వర్క్ మీద, ఐపీఎంఐని ఆపేయడం, అది వాడే యూడీపీ పోర్ట్ 623 అనే నెట్‌వర్క్ ద్వారాన్ని బయటివాళ్లకు కనపడనీయకపోవడం, ఇవి తప్ప వేరే మందు లేదు.

ఇక ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్, తప్పులు సరేసరి. 2017లో హెచ్‌పీ ఐలో 4లో బయటపడింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వెబ్ రిక్వెస్ట్‌లో ఒక చోట ఇంగ్లిష్ 'ఏ' అక్షరం 29 సార్లు పెట్టి పంపితే పాస్‌వర్డ్ అడగకుండానే తలుపు తీసేది. 2025 మార్చిలో బయటికొచ్చిన ఏఎంఐ కంపెనీ బీఎంసీ సాఫ్ట్‌వేర్ మెగార్యాక్‌లోని లోపానికి తీవ్రత మార్కులు 10కి 10. ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క కంపెనీ బోర్డులకే పరిమితం కాదు, రకరకాల తయారీదారుల బోర్డుల్లో లోపల అదే నడుస్తుంది. నిజంగా దాడులకు వాడుతున్న లోపాలంటూ అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ నడిపే జాబితాలో జూన్‌లో దీన్ని చేర్చారు. ఒక బీఎంసీ లోపం ఆ జాబితాకెక్కడం అదే మొదలు.

వీటన్నిటికంటే జనాన్ని ముంచేది మాత్రం ఒక చిన్న సెట్టింగ్. సర్వర్ వెనక మేనేజ్‌మెంట్ పోర్ట్ విడిగా ఉంటుంది. అందులో కేబుల్ గుచ్చలేదు కాబట్టి ఆ గుమ్మం మూసే ఉందని అందరి నమ్మకం. సూపర్‌మైక్రో బోర్డుల్లో మాత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చే సెట్టింగ్ పేరు ఫెయిలోవర్. విడి పోర్టులో కేబుల్ కనపడకపోతే బీఎంసీ చల్లగా మొదటి ల్యాన్ పోర్టులోకి దూరి, అక్కడే అడ్రసులు పంచే డీహెచ్‌సీపీని అడిగి తనకో అడ్రస్ తెచ్చుకుంటుంది. ఆ పోర్ట్ ఇంటర్నెట్ వైపు ఉంటే ఇక చెప్పేదేముంది. తాళం వేసితిని గొళ్లెం మరిచితిని అన్న సామెత దీనికోసమే పుట్టినట్టుంటుంది. బయోస్‌లోకి వెళ్లి దాన్ని డెడికేటెడ్ అని మార్చడానికి ఒక్క నిమిషం చాలు. కొత్త సర్వర్ ర్యాక్‌కి ఎక్కించేటప్పుడు ఆ నిమిషం ఎవరికీ దొరకదు.

పాత కేవీఎం పెట్టెలది మరో రకం కష్టం. వాటి తెర జావా మీద నడిచేది. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో జావా ప్లగిన్లను పూర్తిగా ఆపేశాయి. 2020కల్లా బ్రౌజర్లు కనెక్షన్‌కి కాపలా కాసే టీఎల్‌ఎస్ పాత రూపాలనీ వదిలేశాయి. పెట్టె మాత్రం లక్షణంగా పనిచేస్తోంది. దాంతో దాదాపు ప్రతి డేటాసెంటర్ టీమ్‌లోనూ ఒక మూల, విండోస్ 7 ఉన్న ముసలి ల్యాప్‌టాప్ ఒకటి కనపడుతుంది. మూత మీద మార్కర్‌తో 'కేవీఎం కోసం మాత్రమే, అప్‌డేట్ చేయొద్దు' అని రాసి ఉంటుంది. జావా భద్రతా స్థాయి అట్టడుగుకి దించి, అభ్యంతరం చెప్పిన ప్రతి డబ్బాకీ ఓకే కొట్టి, అంతా సిద్ధంగా ఉంచుతారు. కంపెనీలో అన్నిటికంటే బలహీనమైన కంప్యూటర్ నుంచే అన్నిటికంటే శక్తిమంతమైన పెట్టెలోకి వెళ్తారన్నమాట. ఆ ల్యాప్‌టాప్ ఖర్చు సున్నా అని లెక్కేసుకుంటారు గానీ, పాత కేవీఎంని మార్చనందుకు కంపెనీ కడుతున్న అద్దె అదే.

ఇంకొకటి, దీనికి హ్యాకర్ కూడా అక్కర్లేదు. నెల్లూరు కుర్రాడు పని అయ్యాక బ్రౌజర్ మూసి పడుకున్నాడు. సర్వర్ కన్సోల్‌లో రూట్‌గా లాగినై ఉన్న సంగతి మరిచిపోయాడు. కేవీఎం సెషన్ తెగినంత మాత్రాన సర్వర్ లోపలి లాగిన్ పోదు. మానిటర్ వైరు పీకితే కంప్యూటర్ లాగౌట్ అవుతుందా? సోమవారం ఏ ట్రైనీయో, ఏ వెండర్ మనిషో అదే పోర్టు తెరిస్తే ఎదురుగా రూట్ ప్రాంప్ట్ మినుకుమినుకుమంటూ ఉంటుంది. లినక్స్‌లో కాసేపు కదలిక లేకపోతే లాగౌట్ చేసే టీఎంఔట్ అనే ఒక్క విలువ, విండోస్‌లో స్క్రీన్ లాక్, ఇవి పెట్టినచోట ఈ బెడద లేదు. కన్సోల్ దగ్గరికి ఎవరొస్తారులే అని సరిగ్గా సర్వర్లలోనే వాటిని పెట్టరు. ఇక ఆ పెట్టెకి ఏడుగురు వాడే ఒకే అడ్మిన్ ఖాతా ఉంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు లాగ్, అంటే ఎవరేం చేశారో రాసిన చిట్టా, తెరిస్తే కనపడే పేరు అడ్మినే. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి, గడియారాలన్నీ ఒకే సమయానికి కలిపి ఉంచాలి. పాత కేవీఎం తనలో దాచుకోగలిగేది కొద్దిపాటి లాగే, కరెంటు పోయొస్తే దాని గడియారం ఏ 2000 సంవత్సరంలోనో నిద్రలేస్తుంది. లాగ్‌ని విడిగా దాచే సిస్‌లాగ్ సర్వర్‌కి పంపించి, గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ కలపకపోతే ఆ ఆరు గంటలూ తేదీలు సరిచూసుకోవడానికే చాలవు.

ఇంతదాకా చదివితే దీనికి మందు తేలికే అనిపిస్తుంది: ఈ పెట్టెల్ని విడి నెట్‌వర్క్‌లో పెట్టి, వీపీఎన్, జంప్ సర్వర్ అనే మధ్య మజిలీ, ఓటీపీ దాటితేనే రానివ్వాలి. అమెరికా ప్రభుత్వం 2023 జూన్‌లో తన శాఖలకు చెప్పింది ఇంచుమించు ఇదే. ఇంటర్నెట్‌కి కనపడుతున్న మేనేజ్‌మెంట్ తలుపు దొరికిన 14 రోజుల్లో దాన్ని మూసేయాలి, లేదా గట్టి కాపలా వెనక పెట్టాలి. అంతా నిజమే. చిక్కు ఎక్కడంటే, ఈ గుమ్మం అవసరపడేది ఇల్లు తగలబడుతున్నప్పుడు. దానికి వేసిన తాళాలన్నీ ఆ ఇంట్లోవే అయితే?

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు మాయమైంది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటాసెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్ మొత్తాన్ని పడేసింది. ఆ వెంటనే పేర్లను ఐపీ అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ కూడా పోయింది. ఇలాంటప్పుడు ఆదుకోవాల్సిన ఔట్ ఆఫ్ బ్యాండ్ దారి, అంటే మామూలు నెట్‌వర్క్‌తో సంబంధం లేని విడి దారి, కూడా పనిచేయలేదని కంపెనీయే చెప్పుకుంది. ఇంజనీర్లు డేటాసెంటర్లకు స్వయంగా వెళ్లాల్సొచ్చింది, వెళ్లాక అక్కడి కట్టుదిట్టమైన భద్రత దాటడానికే టైమ్ పట్టింది. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ టెలికాం కంపెనీ నెట్‌వర్క్ కూలినప్పుడు ఇంకా విడ్డూరం. రౌటర్లను బాగుచేయడానికి వాడే మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కూలిపోయిన ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉంది. సిబ్బంది చేతుల్లో ఉన్న ఫోన్లూ అదే కంపెనీవి. ఒకరినొకరు పిలుచుకోవడానికి వేరే కంపెనీల సిమ్‌లు తెప్పించుకోవాల్సి వచ్చింది.

అంత పెద్ద కంపెనీలకే కాదు, బెంగళూరులో 40 సర్వర్లున్న ఆఫీసులోనూ ఇదే ముడి ఉంటుంది, చిన్న సైజులో. కేవీఎం లాగిన్‌ని ఆఫీసు ఖాతాలన్నీ ఉండే యాక్టివ్ డైరెక్టరీకి కలుపుతారు, ఆడిట్‌వాళ్లు మెచ్చుకుంటారు. ఆ యాక్టివ్ డైరెక్టరీ సర్వర్ అదే కేవీఎంకి 3వ పోర్టులో ఉంటుంది. అది పడిపోయిన రోజు దాన్ని లేపడానికి కావలసిన పాస్‌వర్డ్‌ని సరిచూడాల్సింది అదే. పెట్టె అడ్రస్‌ని పేరుతోనే గుర్తుపెట్టుకుంటే డీఎన్‌ఎస్ పడినప్పుడూ ఇంతే. అందుకే ఒక్క లోకల్ ఖాతా ఉండాలి. దాని పాస్‌వర్డూ, ఐపీ అడ్రసులూ కాగితం మీద రాసి, కవరు సీలు చేసి బీరువాలో పెట్టాలి. వాడిన ప్రతిసారీ మార్చాలి. క్లౌడ్ రోజుల్లో కాగితమేమిటని నవ్వేవాళ్లుంటారు. కరెంటు లేకపోయినా చదవగలిగేది అదొక్కటే.

దారి కూడా విడిగా ఉండాలి. ఆఫీసు లీజ్డ్ లైన్ పోతే పనికొచ్చేలా చాలామంది 4జీ రౌటర్ పెడతారు. మంచి ఆలోచనే గానీ మొబైల్ డేటా సిమ్‌కి సాధారణంగా విడి పబ్లిక్ అడ్రస్ ఇవ్వరు, వేలమంది ఒకే అడ్రస్ వెనక ఉంటారు. బయటి నుంచి ఆ రౌటర్ తలుపు తట్టడం కుదరదు. రౌటరే లోపలి నుంచి బయటికి వీపీఎన్ కలుపుకుని ఉండాలి. భద్రత దృష్టిలోనూ అదే మేలు, తట్టడానికి తలుపే ఉండదు. ఇక అసలు ప్రమాదం ప్రీపెయిడ్ సిమ్ వ్యాలిడిటీ. 84 రోజుల ప్లాన్ వేయించినవాడు 80వ రోజు ఉద్యోగం మారతాడు. రీచార్జ్ గుర్తుచేసే మెసేజ్‌లు ర్యాక్‌లో ఉన్న రౌటర్‌కే వస్తుంటాయి. బేస్‌మెంట్ సర్వర్ గదుల్లో సిగ్నల్ రాకపోవడం రెండోది. యాంటెన్నా వైరు పైకి లాగకుండానే టెస్ట్ ఓకే అని రాసేసిన రిపోర్టులకు కొదవ లేదు.

2022 సెప్టెంబర్‌లో అవుటర్ రింగ్ రోడ్ మునిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లిన ఫొటోలు అందరూ చూశారు. అలాంటి వారంలో ఈ దారులు నిజంగా పనిచేస్తాయో లేదో తేలుతుంది. 2024 జూలై 19న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మెషీన్లను నీలి తెర మీద నిలబెట్టినప్పుడు కూడా తేలింది. మందు చిన్నదే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ తీసేయాలి. కానీ సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలంటే మెషీన్ ఎదురుగా కూర్చోవాలి. కేవీఎం, ఐడ్రాక్ దారి ఉన్న సర్వర్లను కూర్చున్నచోటు నుంచే ఒక్కొక్కటిగా లేపవచ్చు. ఆ దారి లేని డెస్క్‌టాప్‌ల దగ్గరికి మనుషులు నడిచి వెళ్లాల్సిందే. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట రికవరీ కీ అడుగుతుంది. ఆ కీలు దాచిన సర్వర్ కూడా నీలి తెర మీదే ఉంటే మళ్లీ పైన చెప్పుకున్న కవరు కథే.

ఈ ఖర్చంతా పెట్టలేని చిన్న కంపెనీలు బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్ వైపు చూస్తాయి. ఏవో ఆఫీసులు ఖాళీ చేసిన 16 పోర్టుల కేవీఎంలు అక్కడ పాత సామాన్లలో దొరుకుతాయి, కొత్తదాంతో పోలిస్తే కారుచౌక. తప్పేమీ లేదు. అయితే చాలా పెట్టెల్ని ఎవరూ తుడవకుండానే అమ్మేస్తారు. ఆన్ చేస్తే పాత యజమాని సర్వర్ల పేర్లు, ఉద్యోగుల ఖాతాలు, డైరెక్టరీకి కలిపే పాస్‌వర్డ్ అన్నీ లోపలే ఉండొచ్చు. ముందువైపు ఐపీ అడ్రస్ స్టిక్కర్ కూడా ఊడదీయరు. కొన్నవాడికి ఇది బోనస్, అమ్మినవాడికి తెలియని నష్టం. కొన్నవాడు మొదట చేయాల్సింది నెట్‌కి తగిలించకుండా ఫ్యాక్టరీ రీసెట్. అంతకంటే ముందు, బేరం కుదరకముందే, మోడల్ నంబర్‌ని తయారీదారు సైట్‌లో కొట్టి చివరి ఫర్మ్‌వేర్ ఏ ఏడాదిదో చూసుకోవాలి. షాపు మెట్ల మీద నిలబడి ఫోన్‌లో చూస్తే రెండు నిమిషాల పని.